సెక్రటరీ గారి కుడి పాదం

ఆ పాదం బీచుపల్లిలో కాలలేదు. ముందు ఈ సంగతి తేల్చి తర్వాత మిగతావి మాట్లాడతాను.

మొన్న సంతాప సభలో నాకంటే ముందు ఐదుగురు మాట్లాడితే ఐదుగురూ అదే చెప్పారు. మా సేవా సంఘానికి ఏళ్ళ తరబడి సెక్రటరీగా ఉన్న మనిషి, మండుటెండలో బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి చుట్టూ వట్టి కాళ్ళతో ప్రదక్షిణలు చేసి, రాళ్ళ వేడికి పాదం కాలినా లెక్కచెయ్యక, చివరికి రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడట. మా అధ్యక్షుడు రైసుమిల్లు యజమాని. ఆయన కళ్ళు తుడుచుకుని "గంత భక్తి మనకేడున్నదండీ" అన్నాడు. జనం తలలూపారు. నేను మూడో వరసలో కూర్చుని పళ్ళు కొరుక్కున్నాను.

వేడి రాళ్ళ మీద నడిస్తే అరికాలు కాలుతుంది. ఆయనకు కాలింది పాదం పైభాగం, బొటనవేలికీ దాని పక్క వేలికీ నడుమ. ఈ మాట తోచడానికి నాలాగా జువాలజీ పాఠాలు చెప్పనక్కరలేదు, కాళ్ళుంటే చాలు. ఆ పాదం కాలింది మా వనపర్తిలోనే, సంఘం హాల్లో, ఫ్యాను కింద, కుర్చీలో కూర్చుని, నలభై మంది చూస్తుండగా. ఆ ఐదుగురిలో నలుగురు ఆ రోజు అక్కడున్నారు. చికిత్స జరగడం అందరూ చూశారు, కాలడం ఎవరూ చూడలేదు.

పోనీ ఈ బీచుపల్లి కథ వాళ్ళు అల్లిందా అంటే, అదీ కాదు. ఆయనే చెప్పారు. నాకు తెలిసి ఆయన నోట వచ్చిన అబద్ధం అదొక్కటే. ఒకే ఒక్కటి కాబట్టి అందరూ నమ్మారు.

ఆయన రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసేవారు. ఎండాకాలమైనా మణికట్టు దాకా గుండీలు పెట్టిన తెల్లచొక్కా. జీవితమంతా "ఎవరి బలవంతమూ లేకుండా నా పూర్తి ఇష్టంతో" అని రాసి రాసి, మాట కూడా అట్లాగే అయిపోయింది. ఇంకో చాయ్ తాగుతారా అంటే "నా ఇష్టంతోనే తాగుతున్న" అనేవారు. నవ్వేవారు కాదు. హాస్యమో కాదో ఆ ముఖం చూసి కనిపెట్టడం నా వల్ల కాలేదు.

నెలకొక ఉపన్యాసం పెట్టించడం ఆయన పని. ఎక్కడెక్కడి వాళ్ళకో ఉత్తరాలు రాసి పిలిపించేవారు. తేనెటీగలు పెంచేవాడొకడు, పాములు పట్టేవాడొకడు, భూసార పరీక్షల అధికారి ఒకాయన. బస్సు దిగినవాడెవడైనా ఆయనకు అతిథే. గంట ముందే బస్టాండుకు పోయి నిలబడేవారు. అతిథి చేతిలో సంచి లాక్కునేవారు. నీడ ఉన్న పక్క అతిథిని నడిపించి, తాను ఎండలో నడిచేవారు.

సభ చివర వందన సమర్పణ కూడా ఆయనదే. ఉపన్యాసం ఎంత చెత్తగా ఉన్నా అందులో నిజంగా మంచిదేదో ఒకటి వెతికి పట్టుకునేవారు. ఒకాయన తపాలా బిళ్ళల గురించి రెండు గంటలు మాట్లాడి సగం హాలును నిద్రపుచ్చితే, "మన సభ్యులకు ఇంత ప్రశాంతత ఈ ఏడాది దొరకలేదు" అన్నారు. మైకు సెట్టు మనిషికి, నీళ్ళు పోసిన మనిషికి, చివరికి కరెంటు ఆఫీసు వాళ్ళకు కూడా కృతజ్ఞతలు. ఒకసారి "ఇంతసేపూ కరెంటిచ్చిన" అంటుండగానే కరెంటు పోయింది. చీకట్లోనుంచి ఆయన గొంతు, "ఇచ్చినంతవరకు" అని వాక్యం పూర్తిచేసింది.

నాకూ ఆయనకూ పేచీ మొదటి నెల నుంచే. సంఘంలో సొంత పేరుతో సభ్యత్వం ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. మిగతా ఆడవాళ్ళు సభ్యుల భార్యలుగా పక్క వరసలో కూర్చునేవారు. ఉపన్యాసం విన్నాక ప్రశ్న అడగడం నాకు అలవాటు. నేను లేవగానే ఆయన సగం లేచి, "మేడం, అతిథి ముందర గాదు" అనేవారు.

"మరి అతిథి వెనక అడగమంటారా?"

"వందన సమర్పణ అయినంక మాట్లాడుకుందాం."

వందన సమర్పణ అయ్యాక హాల్లో ఎవరుంటారు? పక్క గదిలో పూరీలు వేగుతుంటాయి. మా సంఘంలో వందన సమర్పణ అంటే దస్తావేజు మీద సంతకం పడ్డట్టే, ఆ తర్వాత అభ్యంతరం చెల్లదు. ఈ కిటుకు నాకు అర్థమయ్యేసరికి రెండేళ్ళు పట్టింది.

ఆయనకు సుగర్ ఉంది. ఎంతకాలంగానో ఎంతో ఎవరికీ చెప్పేవారు కాదు. ఒక సాయంత్రం అతిథితో బస్టాండు నుంచి నడిచొచ్చి హాలు మెట్లెక్కుతుంటే చూశాను, కుడి కాలికి చెప్పు లేదు. ఎడమ చెప్పుతో టకటకా వస్తున్నారు. నేను చెబితే గానీ కిందికి చూసుకోలేదు. వెనక్కి పోయి, రోడ్డు మధ్య పడున్న చెప్పు వేసుకొచ్చారు.

"ఊడింది తెలియలేదా సార్?"

"చెప్పు పాతదైంది మేడం."

"పాతదైతే ఊడుతుంది. ఊడింది తెలియకపోవడం చెప్పు తప్పు కాదు, కాలిది. స్పర్శ పోతోంది. దవాఖానకు పోయి చూపించుకోండి."

"చూపిస్త. నెలాఖర్ల చూపిస్త."

చూపించలేదు. రెండు నెలలు గడిచాయి, ఎండలు ముదిరాయి. ఆ నెల ఉపన్యాసం చైనా వైద్యం మీద.

వచ్చినాయన హైదరాబాదు మనిషి, నలభై అయిదేళ్ళుంటాయి. దొంగ కాదు, ఆ మాట నేనే చెబుతాను. తనకు తెలిసింది తాను నమ్మి చెబుతున్న మనిషి. గోడకు పటం తగిలించాడు. మనిషి బొమ్మ మీద తల నుంచి కాలివేళ్ళ దాకా రంగురంగుల గీతలు, డిపోలో ఉండే బస్సు రూట్ల పటంలాగా. ఒంట్లో ప్రాణశక్తి ఈ దారుల్లో తిరుగుతుందట. ఎక్కడైనా ఆగితే జబ్బు. సూది గుచ్చితే దారి తెరుచుకుంటుంది. మొద్దుబారిన చోట అయితే సూది కంటే వేడి మంచిదట. అందుకని ఎండిన ఆకు పొడిని కాగితంలో చుట్టి లావుపాటి చుట్టలాంటిది చేసి, దాన్ని అంటించి చర్మానికి తగలకుండా దగ్గరగా పట్టుకుంటారట.

నేను లేచాను. "సార్, ఇరవై ఏళ్ళుగా పిల్లల ముందు కప్పల్ని కోస్తున్నాను. నరాలు చూపించాను, రక్తనాళాలు చూపించాను. మీరు చెప్పే దారి ఒక్క కప్పలో కూడా కనబడలేదు."

"మీరు కోసే టైముకు కప్ప చచ్చిపోయి ఉంటది కద మేడం. బస్సులు బందయినంక రూటు ఎట్ల కనబడుతది?"

హాలంతా నవ్వింది. మంచి జవాబే. అందుకే నాకు ఒళ్ళు మండింది.

"బస్సులు బందయినా రోడ్డు ఉంటుంది కద సార్."

ఈసారి నవ్వు కొంచెం నావైపు వచ్చింది. సెక్రటరీ గారు సగం లేచి నావైపు చూశారు. కూర్చున్నాను.

అతిథి చుట్ట అంటించాడు. ఎండుటాకులు తగలబెట్టిన వాసన. "కాళ్ళల్ల తిమ్మిర్లు, మొద్దుబారినట్టు ఉన్నోళ్ళు ఒక్కరు రాండి. ఇక్కడ్నే చూపిస్త" అన్నాడు. ఎవరూ కదల్లేదు. పక్క వరసలో ఒకావిడ "మీ ఆయన్ని పంపరాదు" అంటే, రెండో ఆవిడ "మీ ఆయన్నే పంపు, ఎట్లైన ఇంట్ల పనికిరాడు" అంది. వేదిక ముందు ఖాళీ కుర్చీ, దాని ఎదురుగా ఒక స్టూలు.

అప్పుడు మళ్ళీ లేచాను. "ఎవరూ పోకండి. తిమ్మిర్లున్నవాళ్ళు అసలే పోకండి. సుగర్ ఉన్న కాలికి స్పర్శ తెలియదు. కాలుతున్నా తెలియదు. తెలియని కాలి దగ్గర నిప్పు పెట్టి, వేడి తగిలితే చెప్పు అనడం ఏం వైద్యం సార్ ఇది?"

అతిథి ముఖం మీద నవ్వు అట్లాగే ఉండిపోయింది. తీసేయాలో ఉంచాలో తెలియనట్టు. చేతిలో చుట్ట బూడిద రాలి స్టూలు మీద పడింది. నేను గెలిచాను. గెలిచానని నాకు తెలుసు, అందరికీ తెలుసు.

సెక్రటరీ గారు లేచారు. చెప్పులు విడిచి, వాటిని సర్ది పక్కన పెట్టి, వేదిక దాకా నడిచారు.

"నాకున్నయి తిమ్మిర్లు డాక్టర్‌సాబ్. నా ఇష్టంతోనే వచ్చిన. పెట్టండి."

"సార్, మీరు మాత్రం కూర్చోవద్దు" అన్నాను. నా గొంతు లేచింది.

ఆయన నావైపు తిరిగి, నాకొక్కదానికే వినబడేట్టు అన్నారు. "జర కూసోండి మేడం. మనం పిలిస్తె వచ్చిన మనిషి."

ప్యాంటు మడిచి కుడి పాదం స్టూలు మీద పెట్టారు. రెండు కాళ్ళున్నాయి కదా, ఆ కుడిదే పెట్టారు.

"వేడి తగలంగనే చెప్పాలె సార్" అన్నాడు అతిథి.

"చెప్తనండి."

చుట్ట దగ్గరికి తెచ్చాడు. కాసేపు పట్టుకున్నాడు. "తగులుతుందా?"

"హాయిగ ఉందండి."

ఇంకొంచెం దించాడు. "ఇప్పుడు?"

"మస్తు హాయిగ ఉంది."

మనిషి చెప్పింది నమ్మి ఇంకా దించాడు. పాపం, నమ్మకపోవడానికి అతనికి కారణమేముంది? నేను మూడో వరసలో ఉన్నాను. పది అడుగులు వేస్తే పోయి చూడగలిగేదాన్ని. పోలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. బయట ఒక మేక గోడమీది పోస్టరును చింపి నములుతుంటే దాన్ని చూస్తూ కూర్చున్నాను. కాలితే కాలనీ అనుకున్నాను. ఈ ముక్క రాయకపోతే మిగతాదంతా రాసి ఉపయోగం లేదు.

చప్పట్లు. ఆ తర్వాత వందన సమర్పణ. అందులో "ప్రశ్నలతో సభకు కళ తెచ్చిన మేడం గారికి" అని నా పేరూ చెప్పారు. తర్వాత పూరీలు.

నాలుగో రోజు ఆయన ఆఫీసుకు రావడం లేదని తెలిసి ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే వాళ్ళావిడ ఎదురైంది. "రా మేడం. నువ్వన్న అడుగు. బీచుపల్లిల కాలిందంటడు. నేను ఇంట్లనే ఉన్న, బీచుపల్లికి ఎప్పుడు పోయిండో నాకు తెల్వదు. దవాఖానకు పోదామంటే రేపు రేపంటడు. నాకు పరేషానైతుంది."

లోపల మంచం మీద కాలు చాపుకుని, పాదం మీద పేపరు కప్పుకుని ఉన్నారు. పేపరు తీశాను. బొబ్బ చితికి తెల్లగా ఉంది. చుట్టూ ఎరుపు.

"దవాఖానకు ఎందుకు పోలేదు?"

"పోతే ఎట్ల కాలిందని అడుగుతరు గద."

"ఎట్లా కాలిందో చెప్పండి."

"నా ఉత్తరం చూసి వచ్చిండు మేడం ఆయన."

"మీ ఉత్తరం చూసి వచ్చి మీ కాలు కాల్చాడు."

"నేను హాయిగ ఉందన్న. ఆయన తప్పేమున్నది?"

"ఎందుకన్నారు?"

పేపరు మళ్ళీ కప్పుకున్నారు.

"సరే వినండి. వచ్చే ఆదివారం నాగర్‌కర్నూల్ సంఘంలో ఇదే ఉపన్యాసం, ఇదే చుట్ట. అక్కడెన్ని మొద్దుబారిన కాళ్ళున్నాయో. నేను పోతాను. లేచి నిలబడి మొత్తం చెబుతాను, మీ పేరుతో సహా."

"వాళ్ళకు గూడ అతిథే గద మేడం" అన్నారు.

వాళ్ళావిడ చాయ్ తెచ్చేలోపే లేచి వచ్చేశాను.

ఆదివారం నాగర్‌కర్నూల్ బస్సెక్కాను. దారి పొడుగునా చెప్పవలసిన వాక్యాలు నోట్లో నూరుకున్నాను. హాల్లోకి పోతే మొదటి వరసలో ఆయన. పాదానికి కట్టు, కట్టు మీద పాత తువ్వాలు. పొద్దున్నే మొదటి బస్సుకు ఒంటరిగా వచ్చారట. నన్ను చూసి కూర్చునే నమస్కారం పెట్టారు. దండం పెట్టి బెదిరించే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆయన వెనక కుర్చీలో కూర్చున్నాను.

అదే పటం, అవే గీతలు. చుట్ట అంటించి అతిథి "ఎవరైన ఒక్కరు రాండి" అన్నాడు. నేను లేవబోయాను. ఆయన అప్పటికే లేచారు. కుంటుకుంటూ పోయి కుర్చీలో కూర్చున్నారు. తువ్వాలు విప్పారు. తర్వాత కట్టు విప్పారు, పాత దస్తావేజుల కట్ట తాళ్ళు విప్పినంత నెమ్మదిగా. పాదం స్టూలు మీద పెట్టారు. వేళ్ళ నడుమ రూపాయి బిళ్ళంత నల్లటి పుండు. బొటనవేలు ఉబ్బి నీలంగా ఉంది.

"ఏడ పెట్టాల్నో మీరే చూసి పెట్టండి డాక్టర్‌సాబ్. నాకైతే ఏం తెలుస్తలేదు."

అంత మెత్తగా అన్నారు ఆ మాట. అతిథి పాదం వైపు చూశాడు. తాను మొన్న నిప్పు పట్టుకున్న చోటు అది. ఆయన ముఖంలోకి చూశాడు.

"ఇది ఎట్ల కాలింది సార్?"

హాలంతా వింటోంది. చెప్పండి, ఇప్పుడు చెప్పండి అని నేను లోలోపల మొత్తుకుంటున్నాను.

"బీచుపల్లిలనండి. రాళ్ళు మస్తు కాలుతున్నయి."

అతిథి చుట్టను ఎటు పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసి, తన కోసం బల్ల మీద పెట్టిన మంచినీళ్ళ గ్లాసులో ముంచాడు. చుయ్‌మంది. "ఇయాళ నిప్పు వద్దు. చేతి మీద వత్తేది చూపిస్త" అన్నాడు. జనానికి నిరుత్సాహం. అక్కడి అధ్యక్షుడు మైకు అందుకుని, ఇంత గాయంతో సంఘం పని మీద వచ్చిన ఆంజనేయ భక్తుడికి చప్పట్లు కొట్టించాడు. బీచుపల్లికి పడిన మొదటి చప్పట్లు అవే. నేను కొట్టలేదు.

తిరుగు బస్సులో ఒకే సీట్లో కూర్చున్నాం. బిజినేపల్లి వచ్చేదాకా ఓపిక పట్టాను.

"ఒక్క వాక్యం సార్. 'మొన్న మీరు పెట్టింది కాలింది' అంటే అయిపోయేది. ఎందుకు చెప్పలేదు?"

"చెప్పిన గద మేడం."

"ఎవరికి?"

"ఆయనకు."

"మరి హాల్లో ఉన్న అంతమందికి?"

"వాళ్ళకెందుకు? కాల్చేది వాళ్ళు గాదు గద."

"రేపు ఇంకొకడెవడో ఇంకో ఊళ్ళో నిప్పు పెడితే?"

"అప్పుడు మీరున్నరు గద" అన్నారు. మెచ్చుకున్నారో ఎత్తిపొడిచారో ఇంతవరకూ తెలియదు.

తర్వాతి నెల అతిథి గద్వాలలో మాట్లాడాడు. అక్కడ ఉండే మా చెల్లెల్ని పంపాను. చుట్ట ఊసే లేదట. సుగర్ ఉన్నవాళ్ళు కాళ్ళు రోజూ చూసుకోవాలని రెండుసార్లు చెప్పాడట. అంటే సెక్రటరీ గారి పద్ధతి పనిచేసింది. ఈ మాట రాయడానికి నాకు ఎంత కష్టంగా ఉందో చదివేవాళ్ళకు తెలియదు. పనిచేసింది కానీ దాని ఖరీదు ఎవరు కట్టారు? ఎట్లా కాలిందని అడుగుతారన్న భయానికి దవాఖాన వాయిదా వేసి, ఆ కాలితో బస్సులెక్కి తిరిగితే, కర్నూలు డాక్టర్లు ముందు బొటనవేలు తీశారు, పక్షం రోజులకు రెండోది. అక్కడా బీచుపల్లే చెప్పారు. ఆ అతిథి కర్నూలుకు వచ్చి పండ్లిచ్చి పోయాడని వాళ్ళావిడ చెప్పింది. మంచం పక్కన గంటసేపు కూర్చున్నాడట. ఇద్దరూ బీచుపల్లి రాళ్ళ గురించే మాట్లాడుకున్నారట.

ఆ తర్వాత కూడా బూటు ముందు భాగంలో దూది కుక్కుకుని బస్టాండుకు పోయి నిలబడేవారు. అతిథుల సంచులు మోసేవారు. నేను ప్రశ్నలడుగుతూనే ఉన్నాను, ఆయన సగం లేస్తూనే ఉన్నారు. నడక మారింది తప్ప మనిషి మారలేదు.

సంతాప సభలో నన్నూ మాట్లాడమన్నారు. వాళ్ళావిడ మొదటి వరసలో ఉంది. నిజం నాలుక చివర దాకా వచ్చింది. ఆమె నావైపే చూస్తోంది, ఏమంటానోనని. సమయపాలన గురించి రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాను. నామీద నాకే చిరాకు పుట్టింది.

ఆయన ఉండగా ఎన్నో అడిగాను. ఎందుకు చెప్పలేదని, దవాఖానకు ఎందుకు పోలేదని, హాయిగా ఉందని ఎందుకన్నారని. దేనికీ సరైన జవాబు రాలేదు. అసలు అడగవలసిందాని జోలికి మాత్రం పోలేదు. జవాబు చెబుతారేమోనని భయపడి ఉంటాను. ఇప్పుడు ఆ భయం లేదు, జవాబు చెప్పే మనిషీ లేడు.

ఆ సాయంత్రం నేను రెండోసారి లేచి, నలభై మంది ముందు ఆ అతిథి నోరు మూయించకుండా ఉంటే, మీరు ఆ కుర్చీలో కూర్చునేవారా సార్?